‘మూడో క్వార్టర్’ నవలలో నేను గయ్యాళినట!

సమస్య

అక్కా, మాది తాండూరు. మా ఆయన బండల పాలిష్ ఫ్యాక్టరీల లెక్కలు రాస్తడు. మిగిలిన టైమంతా కథలు, కవితలు. వికారాబాదుల ఆయనకు ఇద్దరు జిగ్రీ దోస్తులున్నరు, వాళ్లూ రాసేటోళ్లే. శనివారం వచ్చిందంటే రైలెక్కి పోతడు. అనంతగిరి గుట్ట మీద కూచొని సాహిత్యం మాట్లాడుకుంటరట. సాహిత్యం సగం, సీసా సగం. అర్ధరాత్రి దాటినంక తూలుకుంట వస్తడు, లేకుంటే ఆదివారం పగటీలి.

ఈ ముచ్చట్లన్నీ కలిపి ఇప్పుడు హాస్యనవల రాసిండు. పేరు ‘మూడో క్వార్టర్’. దాచుకునుడెందుకు, చానా చోట్ల నేనూ నవ్విన. ఒక దోస్తు కవిత చదువుతుంటే కోతి వచ్చి మిక్చర్ పొట్లం, కవిత కాయితం రెండూ ఎత్తుకపోతది. ఆయన కవితను అడగకుండ తీస్కపోయిన మొదటి పాఠకుడు ఇతనేనని దావత్ చేసుకుంటరు. గానీ అందుల హీరో భార్య గయ్యాళి. పేరు మార్చిండు, అయినా మా గల్లీల ఎవరు చదివినా నేనే అని తెలుస్తది. ఒక చాప్టర్ల ఆమె ఇంటికి తాళమేసి మొగుణ్ణి బయట పండబెడతది. ఆయన వాకిట్ల నాపరాయి మీద పండుకొని చుక్కలతోటి మాట్లాడుతడు.

ఆ రాత్రి తాళమేసింది నిజమే అక్కా. బిడ్డకు జ్వరం మీదికెక్కి ఒళ్లు కాలిపోతుంటే ఆటోల దవాఖానకు తీస్కపోయిన. ఆయన ఫోన్ కలవలే. పొద్దున నేనొచ్చేసరికి బండ మీద గుర్రు పెడుతున్నడు. నేను చెప్పలే, ఆయన అడగలే.

ఇంకోటి. ఆ దోస్తులల్ల ఒకాయనకు లివర్ ఖరాబైంది. తాగొద్దని డాక్టర్ చెప్పిండు. ఆయన భార్య నాకు ఫోన్ చేసి ఏడ్చింది. శనివారాలు మాత్రం ఆగలే.

ఇప్పుడు పుస్తకం అచ్చేయించనీకి నా చిట్టీ పైసలడుగుతున్నడు. మిషన్ కుట్టి కట్టిన చిట్టీ. ఇయ్యనంటే ‘నవలల రాసినట్టే చేస్తున్నవ్’ అంటడు. ఏం చెయ్యాలె?

– ఒక చెల్లెలు, తాండూరు

సలహా

చెల్లీ, మీ ఆయనకు రాయడం వచ్చు. కోతి సంగతికి నేనూ నవ్వాను. అందుకే నవల ఆపించమని చెప్పను. ఇందులో మూడు పేచీలు కలిసిపోయి ఉన్నాయి: పుస్తకం, తాగుడు, డబ్బు. ఒకదాని కోపం ఇంకోదాని మీద చూపిస్తే మూడూ చెడతాయి.

పుస్తకం సంగతి చూద్దాం. తాగే రచయితల ముచ్చట్లు మనకు కొత్తేం కాదు. శ్రీశ్రీ ‘అనంతం’కు ఆత్మచరిత్రాత్మక నవల అని పేరు పెట్టుకుని తన తాగుడునీ తిరుగుడునీ బాహాటంగా రాసుకున్నాడు. అక్కడ ముందు రట్టయింది రాసినవాడే. హాస్యం నేర్చుకోవాలంటే ముళ్ళపూడి వెంకటరమణ దగ్గరికి పొమ్మను. ‘ఋణానందలహరి’లో అప్పు పుట్టించే అప్పారావు తెలివికి నవ్వుతాం. ‘రాధాగోపాళం’ నిండా మొగుడూ పెళ్లాల కీచులాటలే, కానీ రాధకు నోరుంది. 2005లో బాపు దాన్ని సినిమా తీసినప్పుడు ఇద్దరూ లాయర్లే, కోర్టులో ఎదురెదురు. మీ ఆయన నీ చేతికి తాళంచెవి ఇచ్చాడు, డైలాగు ఇవ్వలేదు. నవలలో లోపం అదీ. భార్య గయ్యాళి కావడం లోపం కాదు. మాట పడ్డ గయ్యాళి తిరిగి అనాలి, అప్పుడే పాఠకుడికి మజా.

1922లో అమెరికాలో స్కాట్ ఫిట్జెరాల్డ్ తాగి తందనాలాడే దంపతుల మీద నవల రాస్తే, ఒక పత్రిక ఆయన భార్య జెల్డా చేతనే సమీక్ష రాయించింది. తన పాత డైరీలో పేజీ ఒకటి అందులో కనబడిందని ఆమె నవ్వుతూనే అంటించింది. నువ్వూ పెన్సిల్ పట్టుకుని కూర్చో. బిడ్డ గురించి ఉన్న ప్రతి వాక్యం కింద గీత గియ్యి; రేపు ఆ పిల్ల స్నేహితులు చదువుతారు. అవి పోవాల్సిందే, బేరం లేదు.

తర్వాత ఆ రాత్రి సంగతి చెప్పు. ఆదివారం మధ్యాహ్నం, మత్తు దిగి అన్నం తిన్నాక. ఆయన అడగలేదు, నిజమే. అయినా చెప్పు. రచయితగా ఆయనకే లాభం. ఇప్పుడున్న చాప్టరు ఎవరైనా రాస్తారు. చుక్కలతో కబుర్లాడి నిద్రపోయినవాడి ముందు తెల్లారి ఆటో ఆగి, భుజాన బిడ్డతో, చేతిలో మందుల కవరుతో భార్య దిగిందనుకో, అది ఆయన ఒక్కడే రాయగలిగిన చాప్టరు. అంతా విని ‘కామెడీ చెడిపోతది’ అన్నాడంటే, ఆయన ఇంకా నవల రాయడం మొదలుపెట్టలేదన్నమాట.

ఇక స్నేహం. బాపు, రమణ మద్రాసు బడిలో కలిశారు. 2011లో రమణ పోయేదాకా విడిపోలేదు, రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో బతికాయి. మీ ఆయన ఆ జబ్బు మనిషి ఇంటికి ఒక్కసారన్నా వెళ్లాడా? లివర్ పాడైనవాడికి గ్లాసు అందించేవాణ్ణి దోస్తు అని ఏ ఊళ్లోనూ అనరు. అనంతగిరి క్షయరోగులు ఊపిరి బాగుచేసుకోవడానికి వెళ్లిన గుట్ట, మూసీ పుట్టిన గుట్ట. శనివారం పోనీ, ఫ్లాస్కులో చాయ్ పట్టుకుని పోనీ. ఆ రెండో ఇంటి ఆడమనిషితో నువ్వు మాట్లాడుతూ ఉండు. తాగుడు మాన్పించే సలహాకు 14446కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానితే ప్రమాదం, డాక్టరును చూసుకునే మానాలి. ఈ మాట ఇద్దరు మొగుళ్లకూ చెప్పండి.

చిట్టీ డబ్బు మాత్రం ఇవ్వకు. నవల బాగుంటే ముందు వారపత్రికలకు పంపమను, సీరియల్‌గా వేసుకుంటే వాళ్లే ఎంతో కొంత ఇస్తారు. పుస్తకమే కావాలంటే ఇప్పుడు కొద్ది కాపీలు వేసిచ్చే ప్రెస్సులున్నాయి, ఆయన జీతంలోంచి వేయించుకోమను. మీ బిడ్డకు పదేళ్లు నిండలేదంటే ఆ చిట్టీ డబ్బుతో పోస్టాఫీసుకు వెళ్లి పిల్ల పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతా తెరువు. 250 రూపాయలతో మొదలుపెట్టొచ్చు, ఏడాదికి 1,50,000 వరకు కట్టొచ్చు. పిల్ల పదో తరగతి పాసయ్యేదాకానో, పద్దెనిమిదేళ్లు నిండేదాకానో మామూలుగా అందులోంచి పైసా తీయడం కుదరదు, నవల అచ్చుకైనా సరే.