జ్ఞాపకాల గాదె

ఉద్దేశం: వీడియో కెమెరాలలో వాడే మెమరీ కార్డు సామర్థ్యాన్ని, వేగాన్ని వివరించి, అవసరానికి తగిన కార్డును లెక్కగట్టి ఎంచుకొనే నేర్పును విద్యార్థులకు కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

చూసినదానిని, విన్నదానిని భద్రపరచుకోవాలనే తపన మానవునికి అనాదిగా ఉన్నది. మన పూర్వులు తాటాకులపై గంటంతో వ్రాసి గ్రంథాలను కాపాడారు. నేటి మానవుడు కదిలే దృశ్యాన్నే తపాలా బిళ్లంత పలకలో దాచగలుగుతున్నాడు. ఆ పలకయే మెమరీ కార్డు.

1995లో వచ్చిన డి.వి. పద్ధతి కెమెరాలు దృశ్యాన్ని అయస్కాంతపు టేపుపై నమోదు చేసేవి. చిన్న క్యాసెట్టులో సాధారణంగా ఒక గంట చిత్రణ పట్టేది. దానిని కంప్యూటరులోకి ఎక్కించడానికి మరొక గంట కావలసి వచ్చేది. ఈ ఇబ్బందిని తొలగించినది ఫ్లాష్ మెమరీ. జపానులోని తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుఒకా అనే ఇంజనీరు 1980వ దశకంలో దీనిని కనుగొన్నాడు. ఇందులో కదిలే భాగాలు లేవు. సూక్ష్మమైన గదులలో విద్యుదావేశాన్ని బంధించి ఉంచడమే ఇందులోని కిటుకు. అందువల్ల విద్యుత్తు ఆగిపోయినా సమాచారం చెరిగిపోదు.

ఈ ఫ్లాష్ మెమరీ ఆధారంగా 1999లో ప్రకటితమైన ఎస్.డి. కార్డు తొలి తరంలో 2 గిగాబైట్ల వరకు నిల్వచేయగలిగేది. 2006లో వచ్చిన ఎస్.డి.హెచ్.సి. తరం 32 గిగాబైట్లకు, 2009లో వచ్చిన ఎస్.డి.ఎక్స్.సి. తరం 2 టెరాబైట్లకు ఆ హద్దును పెంచాయి. అయితే పాత కెమెరా కొత్త తరం కార్డును గుర్తించకపోవచ్చు. కనుక కొనేముందు కెమెరాతో వచ్చిన సూచనల పుస్తకాన్ని చూడడం అవసరం.

మెమరీ కార్డును గాదెతో పోల్చవచ్చు. గాదె ఎంత ధాన్యం పడుతుందో అది సామర్థ్యం. దాని నోటి వెడల్పు వేగం. గాదె ఎంత పెద్దదైనా నోరు ఇరుకైతే, గంపలతో పోసే ధాన్యం నేలపాలు కాక తప్పదు. కార్డు విషయమూ ఇంతే.

ఒక పెళ్లి వేడుకను ఉదాహరణగా తీసుకుందాం. కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున దృశ్యాన్ని నమోదు చేస్తున్నదనుకుందాం. 8 బిట్లు ఒక బైటు కనుక, ఇది సెకనుకు 12.5 మెగాబైట్లు. అంటే నిమిషానికి 750 మెగాబైట్లు, గంటకు 45 గిగాబైట్లు. ఈ లెక్కన 64 గిగాబైట్ల కార్డు సుమారు 85 నిమిషాలకు నిండిపోతుంది. నాలుగు గంటల వేడుకకు 180 గిగాబైట్లు కావాలి. అనగా అటువంటి కార్డులు మూడు అవసరం. అదనంగా ఒకటి దగ్గర ఉంచుకోవడం వివేకం.

ఇక వేగం సంగతి. కార్డుపై పెద్ద అక్షరాలతో కనిపించే అంకె తరచుగా సమాచారాన్ని చదివే గరిష్ఠ వేగాన్ని తెలుపుతుంది. చిత్రీకరణకు కావలసినది అది కాదు. ఎడతెగకుండా వ్రాయగల కనిష్ఠ వేగం. దానిని తెలిపే గుర్తులు వేరుగా ఉంటాయి. 10వ తరగతి గుర్తు ఉన్న కార్డు సెకనుకు కనీసం 10 మెగాబైట్లు వ్రాయగలదు. యు 3 గుర్తు, 2016లో ప్రవేశపెట్టిన వి 30 గుర్తు కనీసం 30 మెగాబైట్లకు హామీ ఇస్తాయి. వి 60, వి 90 గుర్తులు అంతకు మించినవి. మన ఉదాహరణలో కావలసినది 12.5 మెగాబైట్లు. 10వ తరగతి గుర్తు మాత్రమే ఉన్న కార్డుపై ఇక్కడ భరోసా పెట్టుకోలేము. వి 30 గుర్తు ఉన్నది నిశ్చింతగా సరిపోతుంది.

వేగం చాలనప్పుడు ఏమవుతుంది? కార్డుకు చేరని సమాచారం కెమెరాలోని తాత్కాలిక నిల్వలో పేరుకుపోతుంది. అదీ నిండితే చిత్రీకరణ ఆగిపోతుంది. సరిగా మాంగల్యధారణ సమయంలోనే ఆగిపోతే ఆ ఘట్టాన్ని తిరిగి తీసుకురాగలవారు లేరు. పది రూపాయల పొదుపు పదికాలాల జ్ఞాపకాన్ని మింగరాదు.

జాగ్రత్తలు కూడా ముఖ్యమే. పాత దృశ్యాలను వేరొక చోట భద్రపరచిన తరువాతనే కార్డును కెమెరాలో ఫార్మాట్ చేయాలి. పొరపాటున చెరిపివేసినచో, ఆ కార్డుపై మరేమీ వ్రాయకుండా పక్కన ఉంచాలి; కొత్త సమాచారం పడనంతవరకు పాతది తిరిగి దొరికే అవకాశం ఉన్నది. వ్రాత సాగుతుండగా కార్డును బయటకు లాగరాదు.

కార్డు శాశ్వత భాండాగారం కాదు. ఎన్నిసార్లు చెరిపి వ్రాయవచ్చునో దానికొక హద్దు ఉన్నది. బంధించిన విద్యుదావేశం ఏళ్లు గడిచేకొద్దీ సన్నగిల్లవచ్చు. తాటాకులు శిథిలమయ్యేలోగా మన పూర్వులు కొత్త ఆకులపై ప్రతులు వ్రాయించారు. కనుకనే ఎన్నో గ్రంథాలు మనవరకు వచ్చాయి. సాధనం మారినా ఆ ధర్మం మారలేదు. రెండు మూడు చోట్ల ప్రతులు దాచుకున్నవారి జ్ఞాపకాలే తరువాతి తరానికి అందుతాయి.

అర్థాలు
గాదె = ధాన్యం నిల్వచేసే కట్టడం
గంటం = తాటాకుపై వ్రాసే లోహపు సాధనం
భాండాగారం = వస్తువులను భద్రపరచు చోటు
సన్నగిల్లు = తగ్గిపోవు

ప్రశ్నలు
1. మెమరీ కార్డును గాదెతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున నమోదు చేసే కెమెరాలో 32 గిగాబైట్ల కార్డు సుమారు ఎంతసేపు వస్తుందో లెక్కగట్టండి.
3. కార్డుపై ఉండే గరిష్ఠ వేగానికి, కనిష్ఠ వేగానికి గల భేదమేమి?