పుస్తకం చదివినంక ఏమనిపించింది?

కొత్తగా చదువు నేర్చిన అక్కలు కొందరు ఒక మాట అంటారు. "పుస్తకంలో ఉన్నది చదవడమే గొప్ప. అది బాగుందో లేదో చెప్పడానికి మేమెంత?"

ఈ మాట సరైనదేనా? సంతలో వంకాయలు కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? చేత పట్టి చూస్తాం. పుచ్చు ఉంటే పక్కన పెడతాం. ధర ఎక్కువైతే అడుగుతాం. పుస్తకాన్ని కూడా అట్లనే చూడాలి. చదవాలి. ఆలోచించాలి. మన మాట చెప్పాలి.

కథల పుస్తకాలు వేరు. వాటిలో కల్పించి రాస్తారు. చరిత్ర, ఆరోగ్యం, సేద్యం, చట్టం పుస్తకాలు వేరు. అవి జరిగిన సంగతులు చెబుతాయి. చేయవలసిన పనులు చెబుతాయి. వాటిని నమ్మి మనం పిల్లలకు మందు వేస్తాం. పొలంలో ఎరువు చల్లుతాం. కాబట్టి వాటిని ఇంకా జాగ్రత్తగా చదవాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఒకప్పుడు పాలమూరు జిల్లాలోనివి. 2016లో మూడు జిల్లాలయ్యాయి. ఈ మూడు చోట్ల ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని నాలుగు పుస్తకాల గురించి మాట్లాడుకున్నారని అనుకుందాం. మనుషులు పాఠం కోసం అనుకున్నవాళ్ళు. పుస్తకాలు మాత్రం నిజమైనవి.

1. మన వైపు మనిషి రాసిన చరిత్ర

సురవరం ప్రతాపరెడ్డి గారు 1896లో పుట్టారు. ఆయన సొంతూరు ఇటిక్యాలపాడు. అది ఇప్పుడు గద్వాల జిల్లాలో ఉంది. 1926లో ఆయన 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టారు. "తెలంగాణలో తెలుగు కవులే లేరు" అని ఎవరో రాశారు. ఆయన మాటతో కొట్లాడలేదు. ఊరూరి నుండి 354 మంది కవుల వివరాలు తెప్పించి 1934లో అచ్చు వేయించారు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు గెలిచారు. 1953లో చనిపోయారు.

ఆయన రాసిన పుస్తకం 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వచ్చింది. 1955లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో ఆ బహుమతి అందుకున్న మొదటి పుస్తకం అదే. అందులో రాజుల యుద్ధాల కంటే జనం సంగతులే ఎక్కువ. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పండుగలు చేశారు అని ఉంటుంది.

మగ్గం నేసే గద్వాల అక్క ఇట్ల అన్నది:

"రాజుల పేర్లు నాకు యాదికుండవు. తిండి, బట్ట, పండుగ అంటే నాకు తెలుసు. చీర కట్టినోళ్ళ పేరు అందరూ రాస్తరు. నేసినోళ్ళ బతుకు కూడా చరిత్రే అని ఈ పుస్తకం చదివితే తెలిసింది. కాని పాతకాలపు మాటలు మస్తున్నయి. ఒక్క పేజీకి రెండు దినాలు పట్టింది. మాలాంటోళ్ళ కోసం అలకటి మాటలల్ల మళ్ళ రాస్తే బాగుండు."

చూశారా? గొప్ప పుస్తకమే. బహుమతి వచ్చిన పుస్తకమే. అయినా "కష్టంగా ఉంది" అని చెప్పవచ్చు. అది తప్పు కాదు. అది కూడా అభిప్రాయమే.

2. ఆరోగ్యం పుస్తకం

డేవిడ్ వెర్నర్ అనే ఆయన మెక్సికో దేశంలో కొండ ఊళ్ళలో పనిచేశారు. అక్కడ డాక్టర్లు లేరు. ఆ ఊళ్ళ జనం కోసం బొమ్మలతో ఒక పుస్తకం రాశారు. అది ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. తెలుగులో 'వైద్యుడు లేని చోట' అనే పేరుతో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది.

వనపర్తి వదిన ఇట్ల అన్నది:

"పిల్లకు పారుడు పట్టుకుంటే నీళ్ళు తాపొద్దని మా అత్త అంటుండె. పుస్తకం చూస్తే నీళ్ళే తాపాలని ఉంది. ఇది మంచి మాట. కాని సబ్బుతో చేతులు కడగమని కూడా ఉంది. మా గల్లీల నల్ల రోజూ రాదు. బిందె బిందె మోసేది నేనే. నీళ్ళు లేనిదే చేతులెట్ల కడగాలె?"

పక్కన కూర్చున్న నర్సమ్మ ఇంకో మాట చెప్పింది:

"వదినా, ఆ పుస్తకం ఏ సంవత్సరం అచ్చయిందో మొదటి పేజీల చూడు. కొన్ని మాటలు పాతబడవు. పారుడైతే తల్లిపాలు ఆపొద్దు. ఓఆర్ఎస్ నీళ్ళు తాపాలె. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు రాసి ఉంటే అన్ని నీళ్ళలోనే కలపాలె. ఇవి ఎప్పటికీ మారవు. మందుల పేర్లు, మోతాదులు మాత్రం మారుతుంటయి. పాత పుస్తకం చూసి మందు వేయొద్దు. నన్ను అడుగు. పిల్ల కళ్ళు లోపలికి పోతే, నీళ్ళు తాగలేకపోతే, రక్తం పడితే ఆగొద్దు. వెంటనే దవాఖానకు తీసుకురా."

వదిన అడిగిన ప్రశ్న మంచిది. పుస్తకం చెప్పింది తప్పు కాదు. కాని నీళ్ళు తేవడం ఒక్క తల్లి పనే కాదు. అది ఊరి పని. ఈ ప్రశ్నను గ్రామసభలో అడగాలి.

3. ఆడవాళ్ళు చెప్పిన చరిత్ర

1946 నుండి 1951 వరకు తెలంగాణ సాయుధ పోరాటం జరిగింది. దొరల మీద, నిజాం మీద రైతులు, కూలీలు తిరగబడ్డారు. అందులో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు ఆ ఆడవాళ్ళను కలిశారు. వాళ్ళు చెప్పిన మాటలను 1986లో పుస్తకంగా వేశారు. దాని పేరు 'మనకు తెలియని మన చరిత్ర'. తన భూమి కోసం దొరతో కొట్లాడిన పాలకుర్తి ఐలమ్మ మాటలు కూడా అందులో ఉన్నాయి.

ఈ పుస్తకం మీద నాగర్‌కర్నూల్ అత్తాకోడళ్ళకు వాదన జరిగింది.

అత్త అన్నది: "పోరాటం గురించి రాసిన్రు, మంచిదే. ఇంట్ల బాధలు, కడుపుల దుఃఖం ఎందుకు రాయాలె? నలుగురు చదివితే ఏమనుకుంటరు?"

కోడలు అన్నది: "అత్తమ్మా, ఇల్లు విడిచి, పిల్లల్ని విడిచి పోయినోళ్ళున్నరు. పోరాటం అయినంక వాళ్ళను మళ్ళ ఇంటికే పొమ్మన్నరు. ఆ దుఃఖం రాయకుంటే సగం చరిత్రే రాసినట్టు గదా? నువ్వు బొంబాయికి మట్టిపనికి పోయిన దినాలు ఎవరన్నా రాసిన్రా?"

అత్త కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: "రాయలేదు. నువ్వు రాయి. కాని రాసినంక నాకు చదివి వినిపించు. నేను సరే అన్నవే ఉంచాలె."

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఒకే పుస్తకం మీద ఇద్దరికి రెండు అభిప్రాయాలు ఉండవచ్చు. అభిప్రాయం వేరైనంత మాత్రాన కొట్లాట కానక్కరలేదు.

4. మన గురించి బయటివాళ్ళు రాసిన పుస్తకం

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ వైపు నల్లమల అడవిలో చెంచులున్నారు. ఆస్ట్రియా దేశం నుండి వచ్చిన హైమెండార్ఫ్ అనే ఆయన 1940లో వాళ్ళ మధ్య ఉండి అన్నీ చూశారు. 1943లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకం రాశారు. ఇప్పటికీ చెంచుల గురించి తెలుసుకునేవాళ్ళు దాన్ని చదువుతారు.

చదువుకున్న పిల్ల ఒకతె ఆ పుస్తకంలోని సంగతులు తెలుగులో చెప్పింది. చెంచు అక్క విని ఇట్ల అన్నది:

"మా తాతల బతుకు రాసి పెట్టిండు. ఆయనకు దండం. కాని మా సంగతి మాకే ఇంకొకరు చెప్పవలసి వస్తున్నది. మా గడ్డలు, మా తేనె, మా చెట్ల పేర్లు మాకే ఎక్కువ ఎరుక. మా పిల్లలు చదువుకుని మా పుస్తకం మేమే రాయాలె."

అభిప్రాయం పనిగా మారింది

చదివి చెప్పిన మాటకు బలం ఉంటుందా? నెల్లూరు జిల్లా దూబగుంటను చూడండి. 1991 ప్రాంతంలో అక్కడ రాత్రి బడులు నడిచాయి. అక్షరాలు నేర్పే పుస్తకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. సారా వల్ల ఇల్లు ఎట్ల పాడైందో అందులో ఉంటుంది. ఆడవాళ్ళు చదివారు. "ఇది మా కథే" అనుకున్నారు. కూడబలుక్కుని ఊరిలో సారా దుకాణం మూయించారు. వాళ్ళ కథ 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే మరో పాఠమైంది. దాన్ని చదివి వేరే ఊళ్ళ ఆడవాళ్ళు కదిలారు. 1992లో అది పెద్ద ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో మద్యాన్ని కూడా నిషేధించారు. 1997లో మద్య నిషేధాన్ని సడలించారు. కాబట్టి ఒకసారి అడిగితే చాలదు. చదువుతూ ఉండాలి. అడుగుతూ ఉండాలి.

పుస్తకం చదివినంక ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి

1. ఎవరు రాశారు? వాళ్ళకు ఆ సంగతి ఎట్ల తెలిసింది?
2. ఏ సంవత్సరంలో అచ్చయింది?
3. నాకు తెలిసినదానికి ఇది సరిపోతుందా?
4. ఇందులో ఎవరి మాట ఉంది? ఎవరి మాట లేదు?
5. ఇది చదివి నేను చేయగల పని ఏమిటి?

కొత్త మాటలు

అభిప్రాయం: మనకు అనిపించిన మాట
సాంఘిక చరిత్ర: జనం బతుకుల చరిత్ర
మోతాదు: మందు ఎంత వేయాలో చెప్పే కొలత
నిషేధం: అమ్మకూడదు, చేయకూడదు అనే కట్టడి

మాట్లాడుకోండి

1. అత్త మాట సరైనదా? కోడలి మాట సరైనదా? ఎందుకు?
2. మీ ఊరి గురించి ఎవరైనా పుస్తకం రాస్తే అందులో ఏం ఉండాలి?
3. పుస్తకంలో ఉన్న మాట, ఇంట్లో పెద్దలు చెప్పే మాట వేరుగా ఉంటే ఏం చేయాలి? ఎవరిని అడగాలి?

రాయండి

మీరు చదివిన ఒక పుస్తకం పేరు రాయండి. నచ్చిన సంగతి ఒకటి, నచ్చని సంగతి ఒకటి రాయండి. కింద మీ పేరు రాయండి. మీ మాట మీద మీ పేరు ఉండాలి.