గవర్నరు భార్య ఆన్ ఈటన్

1936 వరకు మన గంజాం, బరంపురం మద్రాసు రాజధానిలోనివే. కావున 1687 నుండి 1692 వరకు మద్రాసు గవర్నరైన ఎలీహు యేల్ పేరు మనకు బొత్తిగా పరాయిది కాదు. (అతని నాటికి గంజాం కంపెనీ చేతికి రాలేదు లెండి.) అతని నాయనమ్మ ఆన్‌ను గూర్చి చదువుదము.

విధవరాలైన ఈమె థియోఫిలస్ ఈటన్‌ను పెండ్లాడెను. ఆయన 1639 నుండి 1658లో మరణించువరకు అమెరికాలోని న్యూహేవెన్ వలసకు గవర్నరు. శిశు బాప్తిస్మము లేఖనానుసారము కాదని నమ్మిన ఆన్, పసిబిడ్డలకు బాప్తిస్మమిచ్చు వేళ ఆరాధన విడిచి వెళ్లెడిది. 1644లో సంఘము ఆమెను విచారించి, తుదకు వెలివేసెను. భర్త అధికారము అడ్డురాలేదు. అత్తగారిని కొట్టెనన్న ఆరోపణయు ఆ విచారణలో ఉన్నది. దానిని మనము దాచరాదు.

ఆమె కుమారుడు డేవిడ్ ఆ ఊరు విడిచి బోస్టను చేరెను. 1649లో ఎలీహు పుట్టినది అక్కడనే.