అశ్వశిక్షణము

గుఱ్ఱము క్రూరమృగములకు ఆహారమైన జాతి. కావున భయము పుట్టినతోడనే పరుగెత్తుట దాని స్వభావము. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే చాలవఱకు చుట్టును చూడగలదు గాని, సరిగా వెనుకనున్నది దానికి కానరాదు. హఠాత్తుగా వెనుకకు వచ్చినవానిని తన్నును. దానిని మనము పొగరందుము, అది భయము.

కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదని గ్రీకు సేనాని జెనొఫోను 2,300 ఏండ్లకు పూర్వమే వ్రాసెను. అమెరికా దేశమున టామ్ డొరెన్సు (1910–2003) దాని స్వభావము ననుసరించియే నేర్పెను. పగ్గమును మెల్లగా లాగి, గుఱ్ఱము ఒక్క అడుగు వేసినతోడనే వదలవలెను. లాగుట అడుగుట మాత్రమే. వదలుటచేతనే అది నేర్చుకొనును. ఆలస్యముగా వదలినచో, ఏమి చేసినందుకు సుఖము కలిగెనో దానికి తెలియదు.

బాలురారా, తప్పు చేసినపుడు మీకు బెత్తము చూపితిమి. సరిగా చేసిన క్షణమున మెచ్చుట పలుమాఱులు మఱచితిమి. ఈ పాఠము ముందుగా మాకే.