చౌడు మిద్దె మీద థీసిస్ రాయాలంటే

జమ్మలమడుగు ప్రాంతంలో కట్టడాల చరిత్ర మీద ఎం.ఆర్క్ థీసిస్ చేస్తానంటే, ఎవరైనా గండికోటకే దారి చూపిస్తారు. మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం, కింద పెన్నా లోయ. గొప్ప చోటే. కానీ ఆ కోటను చూసుకోవడానికి పురావస్తు శాఖ ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో, కప్పు మీద చౌడు మన్ను పోసి కట్టిన మిద్దెలకు దిక్కెవరు? గండికోట జలాశయం నిండి 2020లో తాళ్ల ప్రొద్దుటూరు మునిగినప్పుడు ఎన్ని మిద్దెలు పోయాయో, వాటి కొలతలు తీసి పెట్టుకున్నవాళ్లెవరో! అందుకే మిద్దెనే తీసుకోమంటాను.

ముందు ప్రశ్న కుదరాలి. ‘రాయలసీమ సంప్రదాయ గృహాలు’ అనేది పది థీసిస్‌ల పని. ‘జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పల్లెల్లో చౌడు కింద ఏం పరిచారు, ఊరు మారితే అది ఎందుకు మారింది?’ అనండి. ఇది ఒక మనిషి ఏడాదిలో తేల్చగలిగిన ప్రశ్న. నాపరాయి గనులు దగ్గరుంటే బండలు, దూరమైతే కర్ర అన్నది మీ ఊహ కావచ్చు. థీసిస్ ప్రణాళికలో దాన్ని ఊహగానే రాయండి.

తర్వాత కాగితాలు. 1875లో గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్, మెకంజీ సేకరింపజేసిన ఊళ్ల చరిత్రలు, అంటే కైఫియత్తులు చదవాలి. కైఫియత్తుల కోసం కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లండి. వాటిలో పాలెగాళ్లు, గుళ్లు, చెరువులు బోలెడు కనిపిస్తాయి. మామూలు రైతు ఇంటి కప్పు గురించి ఏముందో వెతికి, దొరకని చోటును స్పష్టంగా చూపించండి. మీ థీసిస్ అవసరం అక్కడే తెలుస్తుంది.

ఇక కొలతల పని. మూడు ప్రాంతాల్లో ఒక్కోచోట మూడు చొప్పున తొమ్మిది ఇళ్లు చాలు. వాటిలో కనీసం ఒకటి సగం కూలినదై ఉండాలి. నిలబడ్డ మిద్దె తన లోపలి సంగతి చెప్పదు. విరిగిన అంచు దగ్గర కూర్చుంటే అన్నీ వరసగా కనబడతాయి: దూలం, దాని మీద అడ్డంగా దంతెలు, వాటిపై బండ లేదా కర్ర, ఆపైన మట్టి, అన్నిటికీ పైన చౌడు. సోడియం ఎక్కువున్న ఆ మన్ను తడిస్తే రేణువులు విడిపోయి సందులన్నీ పూడిపోతాయి, నీళ్లు దిగవు. ఒక్కో పొర మందం టేపుతో కొలవండి. ఇంటి ప్లాన్ 1:50లో గీసినా, ఈ పొరల అడ్డుకోత మాత్రం 1:10లో గీయండి. వెలుగు కోసం కప్పులో వదిలిన గవాచి ఎక్కడుందో, దాని కింద వెలుగు ఎక్కడ పడుతుందో గుర్తించండి.

ప్రణాళికలో బడ్జెట్, అనుమతులు, గైడు సంతకాలకు ఒక పేజీ చాలు. కాలపట్టిక మాత్రం ఆకాశాన్ని చూసి వేయాలి. వానలకు ముందు, మే నెలలో, కొత్త చౌడు పోసేవాళ్ల పక్కన ఉండండి. ‘పెద్దాయనా, ఈ చౌడు ఏ చేలోది?’ అని అడిగి, ఆయన మాటల్లోనే రాసుకోండి. అక్టోబరు వానల్లో మళ్లీ అదే ఇంటికి వెళ్లి, మిద్దె ఎక్కడ ఉరుస్తుందో చూసి, ఆ చుక్క పడ్డ చోట నేల మీద సుద్దతో గీత గీయండి.