నెట్ అందక గడువు తప్పితే ఏం చేయాలి?

విత్తనానికి అదను ఉన్నట్టే చదువుకూ గడువు ఉంటుంది. వాన ఆలస్యమై అదను దాటితే రైతు చేతులు ముడుచుకొని కూర్చోడు. తక్కువ కాలంలో చేతికొచ్చే పంట ఏదో చూసుకుంటాడు. ఆన్‌లైన్ క్లాసుల్లో నెట్ అందక పిల్లల హోంవర్క్ గడువు దాటినప్పుడు కూడా ఇదే తెలివి కావాలి.

కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో సర్కారు బడి పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడులు, కాలేజీలు ఫోన్ల మీద క్లాసులు నడిపాయి. మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ, భూపాలపల్లి జిల్లా పలిమెల, మహాముత్తారం వంటి అడవి మండలాల గూడేలకు సిగ్నల్ పెద్ద కష్టమైంది. జనగామ వంటి మైదాన ప్రాంతంలోనూ ఇంటికి ఒకటే ఫోన్, అదీ తండ్రితో పొలానికి పోయేది. ఇప్పుడు బడులు మామూలుగానే నడుస్తున్నా, కాలేజీ అసైన్‌మెంట్లు, కోచింగ్ క్లాసులు, అడ్మిషన్లు చాలావరకు ఫోన్ మీదికే వచ్చాయి. కనుక ఈ సంగతి ప్రతి రైతు ఇంటికీ అవసరమే.

నెట్ ఎందుకు ఆగుతుంది?

కరెంటు ఎక్కువసేపు పోతే టవర్ బ్యాటరీలు దిగిపోతాయి. సాయంత్రం అందరూ ఫోన్ పట్టుకుంటారు కాబట్టి నెట్ నెమ్మదిస్తుంది. గుట్టలు, దట్టమైన చెట్లు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. ఇవేవీ పిల్లల తప్పులు కావు. ముందు వాళ్లను తిట్టడం మానుకోవాలి. తిడితే, గడువు తప్పిన సంగతి మరోసారి ఇంట్లో చెప్పరు.

ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

1. ఆఖరు తేదీ కోసం చూడవద్దు. రెండు మూడు రోజులు ముందే పంపేలా చూడండి. తెల్లవారుజామున నెట్ మీద రద్దీ తక్కువ.
2. చాలా ప్యాకుల్లో రోజుకింత అని డేటా ఇస్తారు. పాఠం వీడియో, పంపవలసిన పని ఉన్న రోజు ఆ డేటా సినిమాలకు ఖర్చు కాకుండా చూడాలి.
3. పేజీల ఫొటోలు పెద్ద సైజులో ఉంటే ఎక్కవు. సైజు తగ్గించి, ఒక్కొక్కటిగా పంపాలి.
4. సిగ్నల్ ఉన్న చోట పాఠాన్ని డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంటికాడ నెట్ లేకున్నా చూడవచ్చు.
5. క్లాసులు మొదలైనప్పుడే సారును కలిసి, "మా ఊళ్లో సిగ్నల్ సరిగా ఉండదు, అట్లాంటప్పుడు నోటుబుక్కులో రాసి తెస్తే తీసుకుంటారా?" అని అడిగి పెట్టుకోవాలి.

నెట్ పోయిన రోజున

పని ఆపవద్దు. కాగితం మీదనైనా పూర్తి చేయించండి. "నెట్ లేదు" అన్న మాట కంటే పూర్తయిన పని చూపితే సారుకు నమ్మకం కుదురుతుంది. పంపబోతే ఆగిపోయిన తీరు ఫోన్ తెర మీద కనబడుతుంది. తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచాలి. వాట్సాప్‌లో మెసేజ్ పక్కన గడియారం గుర్తు ఉంటే అది ఇంకా పోలేదని అర్థం. డేటా లేకున్నా మామూలు ఎస్సెమ్మెస్ చాలాసార్లు పోతుంది. ఆ రోజే, వీలైతే గడువు దాటకముందే, ఇట్లా పంపించండి:

"నమస్కారం సార్. నేను ఫలానా క్లాసు, రోల్ నంబర్ ఫలానా. మా ఊళ్లో మధ్యాహ్నం 3 గంటల నుంచి నెట్ లేదు. లెక్కల అసైన్‌మెంట్ పూర్తి చేశాను, పంపలేకపోయాను. రేపు ఉదయం 10 గంటలలోగా పంపుతాను, లేదా బడికి తెచ్చి ఇస్తాను. దయచేసి అనుమతించండి."

ఇందులో నాలుగు సంగతులున్నాయి: ఎవరు, ఏ పని, ఎందుకు ఆగింది, ఎప్పుడు ఇస్తారు. సాకులు, పొడుగు కథలు వద్దు. చెప్పిన టైముకు తప్పక ఇవ్వాలి. అదే కారణం ప్రతి వారం చెబితే ఎవరూ నమ్మరు.

మార్కులు తగ్గిస్తే

సారుతో తగువు పెట్టుకోవద్దు. స్క్రీన్‌షాట్, పంపిన మెసేజ్ చూపి ప్రిన్సిపాల్‌కు కాగితం మీద దరఖాస్తు ఇవ్వాలి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోవాలి. ఊళ్లో చాలామంది పిల్లలకు ఇదే ఇబ్బంది ఉంటే తల్లిదండ్రులంతా కలిసి ఒకే దరఖాస్తు ఇస్తే బలంగా ఉంటుంది.

కొన్ని గడువులు కనికరించవు

డిగ్రీ సీట్లకు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ఉంది. సీటు వచ్చాక చెప్పిన తేదీలోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోతుంది. ఇక్కడ స్క్రీన్‌షాట్ మీద భరోసా పెట్టుకోవద్దు. ఇట్లాంటి పనికి ఇంటి సిగ్నల్‌ను నమ్మక, సీటు వచ్చిన మరునాడే మండల కేంద్రంలోని మీ-సేవకో, దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్‌కో పోవాలి. పని అయ్యాక రసీదు కాగితం తప్పక తీసుకోవాలి.

నాట్లో, పత్తి ఏరుడో ఉన్నప్పుడు పూట కూలి పోతుందని ఈ పనిని వాయిదా వేయడం సహజమే. కానీ పూట కూలి మళ్లీ సంపాదించుకోవచ్చు, పోయిన సీటు కోసం ఏడాది ఆగవలసి రావచ్చు. పిల్లల గడువు తేదీలను ఇంట్లో క్యాలెండర్ మీద, ఎరువు వేసే తేదీల పక్కనే రాసి పెట్టుకోండి.