కరెంటు వెనక్కి కూడా నడుస్తుంది



రాత్రి స్టడీ అవర్లో కరెంటు పోతే మనం 'హో' అని అరుస్తాం. మళ్ళీ వస్తే ఇంకా గట్టిగా అరుస్తాం. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో అలా అరిచి ఊరుకుంటే కుదరదు. మన ప్రత్తిపాడు నుండి గుంటూరు వైపు పోతే ఇవి చాలా ఉన్నాయి. ఎండాకాలం వచ్చిన కాయ రంగు పోకుండా నెలల తరబడి చల్లగా ఉండాలి. అందుకని అక్కడ డీజిల్ జనరేటరు పెడతారు. దాన్ని వైరింగుకు ఎలా కలపాలన్నదే ఈ పాఠం.

ముందు మామూలు కరెంటు సంగతి. స్తంభాల మీద వచ్చే పెద్ద లైనులో 11,000 వోల్టులు ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని 415కు దించుతుంది. అక్కడి నుండి బిల్డింగుకు మూడు ఫేజులు, ఒక న్యూట్రలు వస్తాయి. ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 వోల్టులు. మరి ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య? 415ను 1.732తో, అంటే 3 వర్గమూలంతో భాగించండి. సుమారు 240. (లెక్కల పీరియడులో నేర్చింది ఇక్కడ పనికొచ్చింది!) పెద్ద మోటార్లకు మూడు ఫేజులూ కావాలి. లైట్లకు, ఫ్యాన్లకు ఒక ఫేజు, న్యూట్రలు చాలు.

ఇప్పుడు అసలు విషయం. ట్రాన్స్‌ఫార్మరు దించడమే కాదు, ఎక్కిస్తుంది కూడా. జనరేటరు 415ను పొరపాటున లైనులోకి వదిలితే, అది ట్రాన్స్‌ఫార్మరులో వెనక్కి నడిచి అవతల 11,000 అయి కూర్చుంటుంది. అదే సమయంలో లైన్‌మన్ లైను ఆపించుకుని స్తంభం ఎక్కి ఉంటే? అందుకే వాళ్ళు టెస్ట్ చేసి, తీగలకు ఎర్తు వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. కానీ మనవైపు తప్పు మనం చేయకూడదు కదా.

దీనికి మందు చేంజ్ ఓవర్ స్విచ్. ఒకటే హ్యాండిలు. ఒకవైపు తిప్పితే లైను, ఇంకోవైపు తిప్పితే జనరేటరు, మధ్యలో ఆఫ్. రెండూ ఒకేసారి కలవడానికి దారే ఉండదు. మూడు ఫేజులతో పాటు న్యూట్రలును కూడా మార్చే నాలుగు పోల్‌ల స్విచ్ అయితే ఇంకా మంచిది.

కొందరు చిన్న షాపులవాళ్ళు ఈ స్విచ్ ఖర్చెందుకని రెండు కొసలకూ ప్లగ్గులున్న వైరు తయారు చేసి, ఒక కొస జనరేటరులో, రెండో కొస గోడ సాకెట్లో గుచ్చుతారు. లైన్‌మన్ మాట అలా ఉంచండి. జనరేటరు నడుస్తుండగా గోడ దగ్గరి ప్లగ్గు ఊడిపడిందంటే, బయట కనిపించే ఆ పిన్నుల్లోనే కరెంటు ఉంటుంది.